వేడినీళ్ల రొట్టె

సౌదీలోని దమ్మామ్ క్యాంపులో మా జగిత్యాల వంటాయన ఏ పిండినైనా ముందు వేలికొసలతో నలిపి చూసేవాడు. మేం పనిచేసే ఇంటి స్కాట్లాండ్ మేడం పాత పుస్తకం చూసి చేసే ఓట్స్ రొట్టెలు విరిగిపోతుంటే, జొన్నరొట్టెకు లాగే వేడినీళ్లతో పిసికి విరగకుండా చేశాడు. ఆమె మాత్రం అతిథులకు అది తన ముత్తవ్వల పద్ధతని చెప్పుకుంది.

యుద్ధమొచ్చింది. మేడం విమానమెక్కింది. ఆయన పాస్‌పోర్టు మమ్మల్ని పనికి తెచ్చిన కఫీల్ దగ్గరే ఉండిపోయింది, నాదీ అంతే. సైరన్ మోగినప్పుడల్లా ఇద్దరం వంటగది బల్ల కింద దూరేవాళ్లం.

యుద్ధమయ్యాక తిరిగొచ్చిన మేడం మొదట అడిగింది, "నా పెనం బాగుందా?" అని.

ఆ రోజు నుంచి రొట్టెలు మళ్లీ విరగసాగాయి. ఎందుకని అడిగాను.

"చన్నీళ్లు పోస్తున్న తమ్మీ," అన్నాడు, పిండి నలుపుతూ. "ఎందుకిరుగుతున్నయో ఆమెనే పుస్తకంల దేవులాడుకోనీ."