బోడుప్పల్‌లో మేం వెతికిన బంగారం

ఈ రోజు బోడుప్పల్‌లో మల్లయ్య అనే రైతు చేనులో భూగర్భజలాల సర్వే చేశాం. ఇనుప కడ్డీలు పాతి, తీగలు పరిచి మీటరు చూస్తున్నాను.

"నిజం జెప్పు సారూ, నిజాం బంగారమే గదా దేవులాడుతున్నరు?" అన్నాడు మల్లయ్య.

"నీళ్ల కోసమేనయ్యా!"

"నీళ్లు సూసెటోడు అరచేతిల కొబ్బరికాయ వెట్టుకొని ఒక్కడే వస్తడు. జీపేసుకొని గింతమంది ఎందుకొస్తరు?"

మధ్యాహ్నమంతా గొంతు పోయేలా వివరించాను. "గింత గట్టిగ కాదంటున్నవంటే మస్తుగనే ఉన్నట్టుంది" అని తేల్చేశాడు.

ఉప్పల్‌లో ఇంటికొచ్చి ఈ గోలంతా వెళ్లబోసుకుంటే మా ఆవిడ మెల్లగా తలుపు మూసి, "పోనీ, నాకైనా చెప్పండి. ఎంత దొరికింది?" అంది.

మీలో ఇంకెవరికైనా అనుమానముంటే ఇప్పుడే అడిగేయండి. రేపు నాచారంలో కడ్డీలు పాతాలి.