ఎర్ర దీపం వెలిగిన తర్వాత

2019 ఫిబ్రవరి, రెండో మంగళవారం, ఉదయం తొమ్మిదింపావు. బయట ఆరు డిగ్రీల ఫారెన్‌హీట్, సన్నగా మంచు. నగర శివారు షామ్‌బర్గ్‌లో నేనెక్కిన రైలు పదకొండు నిమిషాలు ఆలస్యమైనా, ఫెడరల్ అప్పీల్స్ కోర్టులోని నా బల్ల దగ్గరికి వేళకే చేరాను. నేను కోర్ట్‌రూమ్ డిప్యూటీని. వాదనలకు సమయం కొలవడం నా పని. న్యాయవాది ఎదుట మూడు దీపాలుంటాయి. ఆకుపచ్చ వెలిగితే మాట్లాడాలి, పసుపు వెలిగితే ముగింపుకు రావాలి, ఎరుపు వెలిగితే ఆగాలి.

ముగ్గురు జడ్జీల బెంచ్‌లో మధ్యన కూర్చునే మా ప్రిసైడింగ్ జడ్జి ఎర్ర దీపం తర్వాత ఎవరినీ మాట్లాడనిచ్చేవారు కారు. ఆవిడ సిటీ బస్ డ్రైవర్ కూతురు. పేదల తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్‌గా మొదలై, జిల్లా కోర్టు మీదుగా మా కోర్టుకు వచ్చారు. "మా నాన్న బస్సు ఒక్క నిమిషం ఆగితే, తర్వాతి స్టాపులో నలభై మంది చలికి వణికేవాళ్లు" అనేవారు. నా పుట్టినరోజును నాకంటే ముందు గుర్తుపెట్టుకునేవారు కూడా.

ఆ ఉదయం నా దగ్గర హాజరు సంతకం చేయడానికి వచ్చిన యువ న్యాయవాది మేఘన నా నేమ్‌ప్లేట్ చూసి ఆగిపోయింది.

"అంకుల్, మీరు తెలుగా? థాంక్ గాడ్! నాకిది ఫస్ట్ ఆర్గ్యుమెంట్. జడ్జ్ మూడ్ ఎలా ఉంది?"

"ఇక్కడ నేను డిప్యూటీనమ్మా, అంకుల్‌ని కాదు. బయట ఆరు డిగ్రీలు. లోపలి వాతావరణం చెప్పడం నా ఉద్యోగం కాదు."

ఆమె క్లయింట్ మిగెల్ ఒక బేకరీలో పనివాడు. ఇమిగ్రేషన్ విచారణ రోజున కూతురికి హఠాత్తుగా ఆపరేషన్ జరగడంతో అతడు ఆసుపత్రిలో ఉండిపోయి, మర్నాడు ఆ ఇమిగ్రేషన్ కోర్టుకు ఫోన్ చేశాడు. అప్పటికే దేశం విడిచిపొమ్మని ఉత్తర్వు వచ్చేసింది. గైర్హాజరుకు కారణాన్ని అదే రోజు తెలియజేయాలన్న పాత తీర్పు అతనికి అడ్డు. దాన్ని రాసింది మా జడ్జిగారే. వెనక బెంచీ మీద మిగెల్, భార్య, వాళ్ల మధ్య ఆ పాప కూర్చున్నారు.

"కౌన్సెల్, నా తీర్పును ఎలా దాటుతారు?" అని జడ్జిగారు అడిగారు.

అలాంటి చోట న్యాయవాదులు తీర్పును పొగిడి, తమ కేసు వేరంటారు. మేఘన అలా అనలేదు.

"దాటలేను, యువర్ ఆనర్. అది తప్పు. అదే రోజు తెలియజేయాలన్న మాట చట్టంలో లేదు, మీ తీర్పులో మాత్రమే ఉంది."

ఎర్ర దీపం వెలిగింది. మేఘన కాగితాలు సర్దుకోబోయింది.

"ఆగండి" అని జడ్జిగారు నావైపు తిరిగారు. "డిప్యూటీ, ఈమెకు సమయం పెంచండి."

"ఎంత, జడ్జ్?"

"నేనెక్కడ పొరబడ్డానో చెప్పేవరకు."

"నా గడియారంలో ఆ అంకె లేదు, జడ్జ్."

పక్కనున్న జడ్జీలిద్దరూ నవ్వారు. "అయితే ఐదు నిమిషాలు" అన్నారావిడ, తానూ నవ్వుతూ. మళ్లీ ఆకుపచ్చ వెలిగించాను. ఆ ఐదు నిమిషాలూ ఆవిడ చట్టప్రతిని ముందుంచుకుని, మేఘన చెప్పిన ప్రతి వాక్యాన్నీ వేలితో వెతుక్కుంటూ చదివారు.

తర్వాత కారిడార్‌లో మేఘన నన్ను పట్టుకుంది. "అంకుల్, జడ్జ్‌ని ఫేస్ మీదే రాంగ్ అన్నాను. మమ్మీ వింటే చంపేస్తుంది. నేను అయిపోయానా?"

"లిఫ్ట్ ఎడమవైపు ఉందమ్మా" అన్నాను. అంతకు మించి చెప్పే హక్కు నాకు లేదు.

పాత తీర్పును రద్దు చేయాలంటే కోర్టులోని జడ్జీలందరికీ కొత్త తీర్పు ముసాయిదా పంపడం మా పద్ధతి. పంపారు, మళ్లీ అందరూ కూర్చుని వినాలని మెజారిటీ కోరలేదు. మే నెలలో తీర్పు వెలువడింది. "ఆ నియమం నేను రాసింది. చట్టం రాసింది కాదు" అన్నది అందులో మొదటి వాక్యం. మిగెల్‌కు పోయిన విచారణ తిరిగి దక్కింది.

గడియారం మీద నాకున్న నమ్మకం ఆ రోజు తగ్గలేదు. అయితే తన మాటను తానే తిరిగి వినడానికి ఒక జడ్జి ఇచ్చుకున్న సమయంకన్నా విలువైన సమయాన్ని నేను కొలవలేదని మాత్రం తెలిసింది.

ఆ బెంచ్‌లోని ముగ్గురిలో జడ్జిగారి పాత తీర్పును నిలబెట్టాలన్నవారు ఒకరు. రద్దు చేయాలన్నవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఆవిడే. చివరి లెక్క రెండు, ఒకటి.