రెండు సొట్టల ట్యాంకు

2023 ఏప్రిల్ మొదటి వారం. నూజివీడు మామిడి మండీల ముందు లారీలు బారులు తీరడం అప్పుడే మొదలైంది. బస్టాండు వెనక సందులో నా టింకరింగ్ షెడ్డు ఉంది. టింకరింగ్ అంటే బండికి పడ్డ సొట్టలు తీసి, రేకుని మళ్ళీ దాని రూపానికి తేవడం. ఇరవై రెండేళ్ళుగా నాకు ఇదే పని. ఎన్నో పెట్రోలు ట్యాంకులు ఈ చేతుల మీదుగా వెళ్ళాయి. చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం మర్చిపోలేదు.

ఆ రోజు ముసునూరు నుంచి ఒకావిడ ఆటోలో వచ్చింది. పేరు నాగమణి. కాయలు వేసే ప్లాస్టిక్ ట్రేలో, పాత దుప్పటి చుట్టి ఏదో తెచ్చింది.

"కాయలా అమ్మా? అప్పుడే ముగ్గాయా?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. దుప్పటి తీస్తే మోటారు సైకిల్ ట్యాంకు. ఎడమ వైపు అరచేయంత సొట్ట ఉంది. కుడి వైపు వేలెడు పొడవున పదునైన గాడి ఉంది. ఇలాంటి గాడిని మేము క్రీజ్ అంటాం. స్టిక్కర్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"వేడినీళ్ళు పోశారా దీని మీద?"

"మీకెలా తెలిసిందండీ? ఫోన్లో చూశాను. సలసల కాగే నీళ్ళు పోసి వెంటనే ఐసు పెడితే సొట్ట దానంతటదే వచ్చేస్తుందన్నాడు. రెండు బకెట్లు పోశాను. ఐసు కోసం చేపలాయన్ని బతిమాలుకున్నాను కూడా."

ఆ చిట్కా ప్లాస్టిక్ బంపర్లకి అప్పుడప్పుడు పనికొస్తుంది. ట్యాంకు రేకు అంత తేలిగ్గా లొంగదు. ఆ మాటే చెప్పాను. ఇంత అవస్థ ఎందుకు పడ్డావని అడిగితే అప్పుడు అసలు సంగతి చెప్పింది.

ఆవిడ భర్త సత్యం మామిడి కోత ముఠాకి పెద్ద. కిందటి వేసవిలో కూతుర్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని నూజివీడు రోడ్డులో వస్తూ పడ్డాడు. పాప చెయ్యి విరిగింది, కట్టు కట్టాక అతుక్కుంది. సత్యం మాత్రం ఆ రోజు నుంచి బండి ముట్టుకోలేదు. ఇప్పుడు చాట్రాయి తోటలో కోతలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి అక్కడ ఉండాలి, ఆ వేళకి బస్సు లేదు. సోమవారం నుంచి రాకపోతే ముఠాని ఇంకొకరికి అప్పగిస్తానని, తోటని వేలంలో పాడుకున్నాయన కబురు పెట్టాడు.

"ఆ సొట్ట చూసినప్పుడల్లా మొహం తిప్పేసుకుంటాడండీ. అది పోతే ఎక్కుతాడు. మా మరిది చేత ట్యాంకు విప్పించి తెచ్చాను, ఆయనకి తెలీదు."

నాకో పద్ధతి ఉంది. పని నేర్పిన మా మేస్త్రి దగ్గర నుంచి వచ్చింది. దెబ్బ ఎలా తగిలిందో తెలియకుండా రేకు మీద చెయ్యి వేయను. చివర పడ్డ సొట్టని ముందు తీయాలి, ముందు పడ్డదాన్ని చివర తీయాలి. వరస తప్పితే రేకు సాగిపోయి, ఒకచోట నొక్కితే ఇంకోచోట లేస్తుంది. అందుకే ఎలా పడ్డాడని అడిగాను. కుక్క అడ్డం వచ్చిందట. బ్రేకు వేస్తే ఎడం పక్కకి ఒరిగాడట.

నాకు లెక్క కుదరలేదు. ఎడమ సొట్ట రోడ్డు పక్క రాయిది, సరే. కుడి గాడి హ్యాండిల్ కొట్టింది. ఎడమకి పడ్డ బండికి కుడి వైపు ఆ దెబ్బ ఎలా వచ్చింది?

"మీ ఆయన్నే అడగాలమ్మా. ఆదివారం మీ ఇంటికే వచ్చి తీస్తాను."

ఈలోపు ట్యాంకుని సబ్బునీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో పెట్టాను. పెట్రోలు తీసేసిన ట్యాంకులో కూడా ఆవిరి మిగిలి ఉంటుంది. దాని దగ్గరికి నిప్పు తేకూడదు. ఇంటి దగ్గర చేసే పనికి పిడిఆర్ రాడ్లు చాలు. అవి వంపు తిరిగిన ఉక్కు కడ్డీలు. పెట్రోలు పోసే కన్నంలోంచి లోపలికి పోనిచ్చి, పెయింటు చెడకుండా సొట్టని వెనక నుంచి నొక్కుతాం.

ఆదివారం వాళ్ళ వసారాలో ట్యాంకు దించగానే సత్యం లేచి నిలబడ్డాడు.

"మిమ్మల్ని ఎవరు రమ్మన్నారండీ? నాకేం అక్కర్లేదు. బండి అమ్మేస్తాను."

"సొట్ట తీశాక అమ్ముకో. ఎలా పడ్డావో చెప్పు, చాలు."

"కుక్క అడ్డం వచ్చింది." గోడకేసి చూస్తూ అన్నాడు.

"కుక్క వస్తే మనిషి రెండు చేతులతో హ్యాండిల్ బిగించి బ్రేకు వేస్తాడు. ఇక్కడ హ్యాండిల్ కుడికి పూర్తిగా తిరిగిపోయి ట్యాంకుని కొట్టింది. అంటే కుడి చెయ్యి ఒక్కటే దాన్ని లాగింది. నీ ఎడం చెయ్యి ఎక్కడుంది సత్యం?"

పని తెలిసినవాణ్ణన్న గర్వంతోనే అడిగాను, ఒప్పుకుంటాను. అతని మొహంలో రంగు మారాక గానీ, అడగకూడనిది అడిగానని నాకు తట్టలేదు.

గుమ్మంలోంచి ఏడేళ్ళ పాప మాట్లాడింది. లాస్య, వాళ్ళ కూతురు.

"పైకెత్తాడు. కొమ్మకి కాయ వేలాడుతుంటే కావాలన్నాను. నేనే అడిగాను. నా మీద కోపం వచ్చే కదా నాన్నా, బండి ఎక్కట్లేదు?"

సత్యం గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. పాపని దగ్గరికి లాక్కున్నాడు.

"నీ మీద కోపమేంటే తల్లీ! నా మీద నాకే." నాకేసి తిరిగాడు. "గెడకి కట్టిన చిక్కం లేకుండా కాయ ముట్టుకోవద్దని, కాళ్ళు కుదురుగా పెట్టి కొయ్యమని ముఠాకి రోజూ చెప్పేవాణ్ణండీ. నేనేమో పిల్లని ముందు పెట్టుకుని, నడుస్తున్న బండి మీద నుంచి చెయ్యెత్తాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నాగమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి గొంతు పెంచింది.

"ఏడాది నుంచి కనబడ్డ కుక్కనల్లా రాళ్ళు పెట్టి కొడుతున్నాను కదయ్యా! ముందే చెప్పొచ్చుగా!"

ముందు పాప నవ్వింది. తర్వాత అందరం నవ్వాం. నా కళ్ళు కూడా చెమర్చాయి.

ఇప్పుడు వరస తెలిసింది. హ్యాండిల్ దెబ్బ ముందు, రాయి దెబ్బ తర్వాత. కాబట్టి రాయి సొట్టతో మొదలుపెట్టాను. ట్యూబులైటుని సత్యం చేతికిచ్చి ట్యాంకు పక్కన పట్టుకోమన్నాను. రేకు మీద మెరిసే లైటు చార తిన్నగా కనిపిస్తే సొట్ట పోయినట్టు, వంకరగా ఉంటే ఇంకా ఉన్నట్టు. అంచుల నుంచి మధ్యకి, కొద్దికొద్దిగా నొక్కుకుంటూ వచ్చాను. రెండు గంటలు పట్టింది. చివరి నొక్కుకి లైటు నేను పట్టుకుని, రాడ్డు సత్యం చేతికిచ్చాను.

"నేనా? పాడవుతుందేమోనండీ."

"బలం పెట్టకు. లైటు చూస్తూ నొక్కు."

టప్పుమని చిన్న చప్పుడు. లైటు చార తిన్నగా అయింది. పాప చప్పట్లు కొట్టింది.

కుడి గాడి కూడా లేచింది కానీ అక్కడ పెయింటు చిట్లి సన్నని గీత మిగిలింది. దానికి పెయింటు వేయాలంటే షెడ్డుకి రావాలన్నాను.

"ట్రేలో తెస్తే ముట్టుకోను. బండి మీదే తేవాలి."

మధ్యాహ్నం ట్యాంకు బిగించి పెట్రోలు పోశాం. సత్యం చాలాసేపు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత ఎక్కాడు. పాపని ఈసారి వెనక కూర్చోబెట్టుకున్నాడు. నూజివీడు రోడ్డు మలుపు దాకా నాకు తోడు వస్తానని ముందు కదిలాడు. నేను నా బండి మీద వెనకాలే వెళ్ళాను. చాలా నెమ్మదిగా నడిపాడు, సైకిల్ మీద ఒకాయన మమ్మల్ని దాటి వెళ్ళాడు.

మలుపులో తోట కంచె దాటి, కాయలతో రోడ్డు మీదకి వంగిన మామిడి కొమ్మ ఉంది. చెప్పకపోయినా ఇదేనని తెలిసింది. సత్యం బండి ఆపాడు. స్టాండు వేశాడు. పాపని దింపాడు. రెండు కాళ్ళూ నేల మీద కుదురుగా పెట్టి, అప్పుడు ఎడం చెయ్యి పైకెత్తాడు.

సోమవారం చాట్రాయి తోటకి వెళ్ళాడని నాగమణి ఫోన్ చేసి చెప్పింది. దెబ్బ ఎలా తగిలిందని నేను ఇప్పటికీ ప్రతివాళ్ళనీ అడుగుతాను. కానీ చెప్పినదానికీ రేకుకీ పొంతన కుదరకపోతే, ఆ రోజు సత్యాన్ని నిలదీసినట్టు నిలదీయను. పక్కన స్టూలు వేసి, రెండు టీలు చెప్పి, వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా ఊరుకుంటాను.