గడువు దాటిన అర్జీ

ఆ వారం మా వంటింటి బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన ఉండేవి. ఒకటి, ఇల్లు ఖాళీ చేయమని యజమాని పంపిన నోటీసు. రెండోది, స్వాతంత్ర్యానికి ముందు అమెరికాలోని ఇంగ్లీషు వలసల్లో జనం ఎలా బతికారు, వారిని ఎవరు పాలించారు అన్న విషయం మీద మా అమ్మాయి బడికి రాస్తున్న వ్యాసం. రెంటినీ సరిచూసే పని నేనే నెత్తిన వేసుకున్నాను.

సరిచూడటం నా వృత్తి. ఉద్యోగాల కోసం దేశం విడిచి మేం వచ్చిన వాటర్‌ఫోర్డ్‌లో మందులు తయారుచేసే ఒక కర్మాగారపు ల్యాబ్‌లో, మరొకరు కొలిచి రాసిన అంకెను మళ్ళీ పరిశీలించి రెండో సంతకం పెడతాను. అది లేనిదే ఒక్క మాత్ర కూడా గేటు దాటదు. అక్కడ మూలపత్రమే సాక్ష్యం, దాని ఫొటోకు విలువ లేదు.

యజమాని చెడ్డవాడు కాదు. బాయిలర్ ఆగిపోతే తానే పనిముట్లు పట్టుకుని వచ్చేవాడు. ఆస్ట్రేలియా నుంచి కొడుకు తిరిగి వస్తున్నాడని, అతనికి ఇల్లు కావాలని రాశాడు. ఆ కారణాన్ని నేను అనుమానించలేదు. అతని లెక్కను అనుమానించాను. ఇల్లు ఖాళీ చేసే గడువును ఉత్తరం రాసిన రోజు నుంచి లెక్కపెట్టాడు. నియమం ప్రకారం అది మాకు చేరిన మర్నాటి నుంచి మొదలవ్వాలి. అలా చూస్తే రోజులు చాలవు, నోటీసు చెల్లదు. అద్దె తగాదాలు చూసే బోర్డుకు నిర్ణీత తేదీలోగా అర్జీ పెడితే, అమ్మాయి పరీక్షలు ముగిసేదాకా అయినా ఆ ఇంట్లో ఉండగలం. లేదంటే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. ఊళ్ళో ఒక అద్దె ఇల్లు చూపిస్తున్నారంటే జనం వీధి మలుపుదాకా వరుస కట్టేవారు. ఆ వరుసల్లో మేమూ నిలబడి వచ్చాం.

"ఈరోజే ఆన్‌లైన్లో కొట్టి పడెయ్," అన్నారు మా ఆయన, ఆసుపత్రి నుంచి వచ్చి నర్సు దుస్తులైనా మార్చుకోకుండా. "కాయితాలు తర్వాత ఇచ్చుకోవచ్చని బోర్డువాళ్ళే రాశారుగా."

"ఉత్తరం ఏ రోజు చేరిందో పోస్టాఫీసును రాతపూర్వకంగా అడిగానండీ. అది రానివ్వండి."

"ఏ రోజొచ్చిందో నీకు తెలవదా? తలుపు తీసింది నువ్వేగా."

"జ్ఞాపకం సాక్ష్యం కాదు."

"ఇల్లు తగలబడతంటే మంట ఎన్ని డిగ్రీలో చూస్తానంటావేంది నువ్వు," అని ఆయన స్టవ్ మీద టీ పెట్టుకున్నారు.

జవాబు కోసం ఎదురుచూస్తూ వ్యాసం మీద పడ్డాను. వలసల్లో అన్నీ రాజే నిర్ణయించేవాడని అమ్మాయి రాసింది. కొట్టేశాను.

"ఎవరు చెప్పారు?"

"ఎవ్రీబడీ నోస్ దట్, మ్యామ్." ఇక్కడి పిల్లల్లాగే తనూ అమ్మను అలా పిలుస్తుంది.

ఇద్దరం కూర్చుని చదివాం. ఆస్తి ఉన్న మగవాళ్ళు ఎన్నుకున్న సభలు అక్కడ ఉండేవి. వాటి మీద గవర్నరు, చాలా వలసల్లో రాజు నియమించినవాడు. సభ చేసిన చట్టాన్ని అతను కాదనవచ్చు. అతను ఔనన్నా, అది ఓడలో లండన్ చేరాక అక్కడివాళ్ళు రద్దు చేయవచ్చు. ఆడవాళ్ళకు, బానిసలకు, ఆ నేల ఎవరిదో ఆ మూలవాసులకు ఈ మొత్తంలో నోరే లేదు. మనకూ ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటుంది, పార్లమెంటుకు లేదు, మనమూ ఆ వలసవాళ్ళ లాంటివాళ్ళమేనా అని అమ్మాయి అడిగింది. కాదన్నాను. వాళ్ళు పరాయి నేల ఆక్రమించారు, మనం అనుమతి తీసుకుని వచ్చాం, పోలిక రుజువు కాదని చెప్పాను.

అప్పుడు తను ఒక కొత్త వాక్యం చేర్చింది. రాజుకు పెట్టుకున్న అర్జీ సముద్రం దాటి, జవాబు తిరిగి వచ్చేసరికి, ఊళ్ళో జరగవలసింది జరిగిపోయేది. నేను పక్కన పెన్సిలుతో 'ఆధారం?' అని రాశాను.

"షిప్స్ వర్ స్లో, మ్యామ్. దట్స్ ఇట్."

"ప్రతిసారీ జరిగిపోయేదా, అప్పుడప్పుడా?"

"ఇట్స్ డ్యూ ఫ్రైడే," అంది, కాగితం నా చేతిలోంచి లాక్కుని.

పోస్టాఫీసు జవాబు అర్జీకి ఆఖరి రోజు ఉదయం వచ్చింది. నా లెక్కే నిజం. ఆన్‌లైన్ ఫారం స్కాన్లను మాత్రమే తీసుకుంటుంది కనుక, నోటీసును, అది వచ్చిన అసలు కవరును, ఆ జవాబును అర్జీతో కలిపి మధ్యాహ్నం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదును ప్లాస్టిక్ కవరులో భద్రపరిచాను. చాలా రోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాను.

అర్జీ బోర్డుకు మర్నాడు చేరింది. ఉత్తరం రాసిన రోజు కాదు, చేరిన రోజే లెక్క అని యజమాని మీద అన్ని రోజులు కష్టపడి రుజువు చేసిన నియమం నా ఉత్తరానికీ వర్తిస్తుందని నాకు తోచలేదు. ఆలస్యానికి కారణం చెప్పుకోమని బోర్డు ఒక అవకాశం ఇచ్చింది. ఆధారం కోసం ఆగానని రాశాను. నిజమే రాశాను. అది చాలదని అర్జీని తోసిపుచ్చారు.

మా ఆయన ఆ జవాబు చదివి, మడిచి, రసీదున్న ప్లాస్టిక్ కవరులోనే పెట్టారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మాయి ఆ శుక్రవారమే నాతో చెప్పకుండా వ్యాసం ఇచ్చేసిందని తర్వాత తెలిసింది. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు అది తరగతి గోడ మీద ఉంది. ఆ వాక్యమూ ఉంది, పెన్సిలు గుర్తు లేకుండా. దాన్ని బలపరిచే ఉదాహరణ ఇప్పుడు నాకొకటి తెలుసు. ఒక్క ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. అయినా ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇల్లు దొరకలేదు. ముగ్గురం ఒక స్నేహితురాలి ఇంట్లో ఒక గదిలోకి మారాలి, మిగతా సామాను వేరొకరి షెడ్డులో పెట్టాలి. మా ఆయన ఆసుపత్రి నుంచి చేతి తొడుగులు వచ్చే ఖాళీ అట్టపెట్టెలు తెచ్చారు. ఏ పెట్టెలో ఏముందో పైన రాసి, కింద సంతకం పెట్టి, అలవాటు కొద్దీ రెండో సంతకానికి చోటు వదిలాను.

అమ్మాయి పెన్ను తీసుకుని వరుసగా అన్నింటి మీదా సంతకాలు పెట్టుకుంటూ పోయింది. ఒక్క పెట్టె కూడా తెరిచి చూడలేదు. నేను చూడమనలేదు.