మాడిన ప్లగ్గుతో లేచిన సత్యానందం గారి కారు

దెయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. కొల్లేరు కింద చేపల చెరువుల గట్ల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తూ నలభై ఏళ్లు తిరిగాను. పదివేల ఇంజన్లకు ప్రాణం పోశాను. సరే, పదివేలు కాదు. వెయ్యి ఉంటాయేమో. ఎన్నయినా, వాటిలో ఒక్కటీ కారణం లేకుండా ఆగలేదు, కారణం లేకుండా తిరగలేదు.

కారణం లేకుండా తిరిగింది ఒకే ఒక్క ఇంజను. దాని గురించే ఇది.

సత్యానందం గారూ నేనూ తాడేపల్లిగూడెంలో ఒకే ఇంజన్ల రిపేరు షెడ్డులో పనిచేశాం. ఆయనది పెంటపాడు. ఆయన భార్య రాహేలు గారు టీచరుగా రిటైరయ్యారు. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అని పిలవడంతో ఆయన నాకు బావగారయ్యారు.

పని మానేశాక మా ఇద్దరికీ నైట్రో కార్ల పిచ్చి పట్టింది. మూరెడు పొడవు కారు, చేతిలో రిమోట్. బ్యాటరీతో తిరిగే బొమ్మ కాదు. లోపల నిజమైన ఇంజను, పొగ, సైలెన్సర్ తీసేసిన మోటారు సైకిల్ చప్పుడు. ఎండాకాలంలో చేపలు పట్టేసి చెరువులు ఎండగట్టాక, గట్టిపడిన ఆ అడుగున పరుగెత్తించేవాళ్లం. చెరువులు మా స్నేహితుడు రాజు గారివి. ఆయనకూ ఒక కారుండేది.

ఈ కార్లతో గొడవంతా స్టార్టింగు దగ్గరే. ఇంజను తల మీద చిన్న ప్లగ్గుంటుంది. దాని లోపల వెంట్రుకంత తీగ. వేలెడంత బ్యాటరీ గొట్టం దానికి తగిలిస్తే తీగ ఎర్రగా కాలుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకోవాలి. అప్పుడు తాడు లాగాలి. ఆ లాగడంలోనే ఉంది విద్య.

నాది ఆయిల్ ఇంజను హ్యాండిల్ తిప్పిన భుజం. ఆ బుల్లి తాడును కూడా అదే బలంతో ఆఖరిదాకా లాగేసేవాణ్ణి. లోపల స్ప్రింగు విరిగేది, తాడు వెనక్కి వెళ్లేది కాదు. ఆయన మాత్రం ట్యాంకు మూత మీద గోటితో రెండుసార్లు కొట్టి, "లే నాయనా" అని, రెండు వేళ్లతో జానెడు లాగేవారు. అంతే. ఒక్క లాగుకే లేచేది.

"ఏవండీ బావగారూ, అది చెరువుకి నీళ్లు తోడే ఇంజను కాదండీ. దాన్ని కొట్టకండి, అడగండి" అనేవారు. గట్టు మీద అందరూ నవ్వేవారు.

నా కారు మొరాయించినప్పుడు తాడు పట్టుకోగానే రోగం చెప్పేసేవారు. తాడు బిగుసుకుపోతే ఇంజన్లో ఇంధనం నిండిపోయింది, ప్లగ్గు విప్పి తలకిందులు చేసి లాగండి. తాడు వస్తున్నా ఇంజను తిరక్కపోతే లోపల బేరింగు జారుతోంది. ఇవేవీ కాకపోతే ప్లగ్గు మాడింది, అంటే లోపల తీగ తెగింది. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. ఒక్కసారైనా తప్పు చెబుతారేమోనని ఆరేళ్లు ఎదురుచూశాను. నవ్వుతూ థాంక్సండీ అనేవాణ్ణి, లోపల ఉడికిపోయేవాణ్ణి.

కిందటేడు ఆయన నిద్రలోనే పోయారు. ఏడ్చాను, నిజంగానే. ఏడుస్తూనే, ఇక గట్టు మీద నన్ను మించినవాడు లేడని కూడా అనుకున్నాను.

ఏడాది తిరిగాక ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. ముందురోజు రాహేలు గారు ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, ఆయన కారు మీరో, రాజు గారో తీసుకెళ్లండి. ఎవరు స్టార్ట్ చేస్తే వాళ్లది. నాకు మాత్రం ఆ చప్పుడు ఒక్కసారి వినాలనుందండీ. ఇంట్లో ఏ చప్పుడూ లేదు."

ఆవిడకు కావలసింది చప్పుడు. నాకు కావలసింది ఆ కారు. అంతకన్నా ముందు, ఆయన కారు నా చేతిలో లేచిందని పదిమందీ చూడాలి.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. దీన్ని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వెళ్లేటప్పుడు జేబులో రెండు ప్లగ్గులు వేసుకున్నాను. ఒకటి మంచిది, ఒకటి మాడిపోయింది. మాడినదాని మీద ఆకురాయితో గీత పెట్టుకున్నాను. కారు వరండాలో స్టూలు మీద ఉంది. నేను దాని పక్కనే, వెనక కుర్చీలో కూర్చున్నాను. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేను కళ్లు తెరిచే ఉన్నాను. ఆయనది పొడుగు ప్రార్థన. అది అయ్యేలోగా కార్లో ప్లగ్గు విప్పేసి, గీత పెట్టిన మాడు ప్లగ్గు బిగించేశాను. రాజు గారు లాగి లాగి ఓడిపోవాలి. ఆ తర్వాత, చూస్తానండీ అంటూ నేను మంచిది బిగించి స్టార్ట్ చెయ్యాలి. అదీ పథకం.

భోజనాలయ్యాక కారు వాకిట్లోకి తెచ్చారు. రాజు గారు కొత్త ఇంధనం పోసి, బ్యాటరీ గొట్టం తగిలించి, ఇరవైసార్లు లాగారు. చొక్కా తడిసిపోయింది. "నా వల్ల కాదు సార్, మీరే కానివ్వండి" అన్నారు.

నేను దగ్గరికెళ్లి గొట్టం ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ప్లగ్గు విప్పడానికి పానా కోసం వంగాను. అంతలో రాహేలు గారు వచ్చి కారు పక్కన కింద కూర్చున్నారు.

"ఒక్కసారి నేను లాగనాండీ?"

"మీకెందుకమ్మా, వేళ్లు తెగుతాయి" అన్నాను.

ఆవిడ వినలేదు. ట్యాంకు మూత మీద గోటితో రెండుసార్లు కొట్టారు. ఏదో అన్నారు, నాకు వినపడలేదు. రెండు వేళ్లతో జానెడు లాగారు.

లేచింది.

మొదట్లో ఈ సంగతి నలుగురికీ చెప్పినప్పుడు కొన్ని కలిపాను. కారు దానంతట అదే తిరిగిందన్నాను. చర్చి గంట మోగిందన్నాను. గోడ మీద సత్యానందం గారి నీడ చూశానని అత్తిలిలో మా బంధువులకు చెప్పాను. గంటా లేదు, నీడా లేదు. మధ్యాహ్నం మూడు గంటల ఎండలో, ఏడాదిగా చల్లగా పడున్న ఇంజను, జేబులో గొట్టం, తల మీద మాడిన ప్లగ్గు. ఇంతే. ఇదే ఎక్కువ.

ట్యాంకు ఖాళీ అయ్యేదాకా తిరిగింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకుని విన్నారు. "ఇక ఇది ఎవరికీ ఇవ్వనులెండి, ఏమీ అనుకోకండి" అన్నారు.

ఒకసారి చూస్తానమ్మా అని ఆ ప్లగ్గు విప్పాను. గీత ఉంది. తీగ మధ్యకు తెగి ఉంది. అక్కడ నా మంచి ప్లగ్గు బిగించేసి, మాడినది జేబులో వేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి దానికి గొట్టం తగిలించి చూశాను. వెలగలేదు. మర్నాడూ వెలగలేదు. డీజిల్ ఇంజనుకు ప్లగ్గు అక్కర్లేదు, ఒత్తిడికే మండుతుంది. కానీ ఇది ఆ జాతి కాదు. ఏలూరులో తెలిసిన లెక్చరర్‌కు చూపించాను. తీగ ముక్కలు ఆ క్షణానికి కలిసుంటాయేమో అన్నారు. కలిసినా, కాలడానికి గొట్టం నా జేబులో ఉంది కదండీ అన్నాను. ఆయన ప్లగ్గు తిరిగి నా చేతిలో పెట్టేశారు.

అసలు బాధ తర్వాత మొదలైంది. మంచి ప్లగ్గుతో ఆ కారు మళ్లీ లేవలేదు. రాహేలు గారు రెండు వేళ్లతో లాగినా లేవలేదు. వెళ్లి అన్నీ విప్పి చూశాను. తాడు, స్ప్రింగు, బేరింగు, ఇంధనం, అన్నీ బాగున్నాయి. లేవకపోవడానికి కారణం లేదు, ఆవేళ లేవడానికి కారణం లేనట్టే.

"మళ్లీ రావట్లేదండీ అన్నయ్యగారూ" అని ఆవిడ ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు.

ఆ మాడిన ప్లగ్గు నా పెట్టెలో దూదిలో చుట్టి ఉంది. అది తిరిగి బిగించి చూడొచ్చు. కానీ ఇవ్వాలంటే, అది నా దగ్గరికెలా వచ్చిందో చెప్పాలి. అందుకే ఇది రాశాను. అచ్చయ్యాక ముందు ఆవిడకే ఇచ్చి, చదివాక ప్లగ్గు చేతిలో పెడతాను.

ఆవేళ ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ ప్లగ్గుతో కారు మళ్లీ లేస్తే రాహేలు గారికి ఆ చప్పుడు దొరుకుతుంది. అయినా నా లోపల ఒక మూల, అది లేవకపోతే బాగుండునని ఉంది. లేస్తే, తాడు కూడా ముట్టుకోకుండా ఆయన నన్ను రెండోసారి గెలిచినట్టు.