పరీక్షలో వచ్చే సముద్రం

ఒక్క మేకు దెబ్బతో బంగాళాఖాతాన్ని వంటింట్లోకి తెచ్చుకోవచ్చంటే మీరు నమ్మరు. నేను తెచ్చుకున్నాను. వినండి.

మా ఇల్లు కావలి దాటాక, సముద్రం ఒడ్డున. పెరటి తలుపు తీస్తే అలలే. మా అమ్మాయి సనాకు చదువంతా ఇంట్లో నేనే చెప్పేదాన్ని. నేనూ మా అబ్బా దగ్గర ఇంట్లో చదువుకున్నదాన్నే కాబట్టి ధైర్యం ఎక్కువ. మనకు ఎంత తెలియదో తెలియనప్పుడు వచ్చే ధైర్యం అది. ఖురాన్ పాఠం అయ్యేసరికి సిలబస్ మిగిలిపోయేది. సిలబస్ అయ్యేసరికి దుఆ ప్రార్థనలు నేర్చుకోవాల్సిన పిల్ల నిద్రపోయేది. గానుగెద్దుకైనా సాయంత్రానికి కాస్త నూనె కనిపిస్తుంది, నాకు అదీ లేదు.

అప్పుడు తట్టింది ఆ మహత్తరమైన ఆలోచన. ప్రపంచ పటం కొని, మేము నమాజుకు నిలబడే పడమటి గోడకు తగిలించాను. మక్కా ఏ దిక్కో, దేశాలేవో, రెండు పాఠాలూ ఒకే మేకుకు. ఒకే దెబ్బకు రెండు పిట్టలంటారు. ఆ రాయి తిరిగొచ్చి ఎవరి నెత్తిన పడుతుందో మాత్రం చెప్పరు.

మావారి చిన్నాన్న, మేము చాచా అంటాం, నెల్లూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక సాయంత్రం సనాను పరీక్షించడానికి వచ్చారు. చదువు బాగాలేకపోతే జూన్ నుంచి పిల్ల నెల్లూరులో ఆయనింట్లో ఉండి బడికి పోవాలని మావారూ ఆయనా ముందే అనుకున్నారు. నా గుండెలో శ్రీహరికోట కౌంట్‌డౌన్ మొదలైంది. ఆయన టీలో చక్కెర వేశాను. కాసేపటికి మళ్లీ వేశాను.

సూరాలు చక్కగా చదివింది. ఎక్కాలూ అప్పజెప్పింది. చాచా "మాషా అల్లాహ్" అన్నారు. నేను ఊపిరి తీసుకోబోయాను.

"బంగాళాఖాతం యాడుంది తల్లీ?"

సనా పటానికి ఎదురుగా నిలబడి కుడిచెయ్యి చాచింది. అటు మా వంటిల్లు.

"వంటింట్లోనా?"

"పటంలో కుడిపక్కనే గదా దాదా ఉండేది."

సరిగ్గా అప్పుడే మా వీపుల వెనక, పెరటివైపు, ఒక అల విరిగింది.

"మరి ఆ చప్పుడేంది?"

"అది మా సముద్రం. పరీక్షలో వచ్చేది వేరే."

నేను ఊరుకోవచ్చు కదా. "పటంలో పైన ఉండేది ఏ దిక్కో చెప్పు సనా" అని అందించాను. పిల్ల "ఉత్తరం" అంటూ వేలెత్తి పైనున్న ఫ్యాను చూపించింది.

చాచా ఫ్యాను వంక చూశారు. "ఉత్తరపు గాలి బాగానే వస్తా ఉండాది. సరే, మక్కా యాడ?"

"నమాజుకైతే ఎదురుగా. పరీక్షకైతే ఎడమపక్కన, బీరువా కాడ."

ఆయన నావైపు తిరిగి టోపీ సర్దుకున్నారు. "అసర్ వేళయింది బేటీ. నేనిప్పుడు నమాజు చదవాల్నా, పరీక్ష రాయాల్నా?"

నమాజే చదివారు, గోడవైపే. అంతసేపూ సనా బట్టలు ఏ సంచిలో పడతాయా అని నేను గదులన్నీ తిరిగాను.

లేచాక ఆయన పటాన్ని మేకు మీంచి తీసి గచ్చు మీద పరిచారు. దాని పైభాగాన్ని ఉత్తరాన ఉన్న వంటింటివైపు తిప్పారు. సనా పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఎడమవైపు చూసింది. నమాజు గోడ. కుడివైపు చూసింది. పెరటి తలుపు.

"అమ్మీ, రెండు సముద్రాలూ ఒకటే."

నాకూ ఆ సంగతి అప్పుడే తెలిసింది.

చాచా టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఈ పిల్లకు బడి అక్కర్లేదు."

నేను అల్హమ్దులిల్లాహ్ అనేలోపు మాట పూర్తిచేశారు. "నువ్వు మాత్రం ఆదివారాలు నెల్లూరికి రా బేటీ. నాలుగో తరగతి కాడనుంచి మొదలుపెడదాం."

వెళ్లాను. పిల్లను నా దగ్గరే ఉంచిన అల్లాహ్‌కు దారిపొడవునా షుక్ర్ చెప్పుకుంటూ, పలకాబలపం లేని లోటొక్కటే తప్ప, బుద్ధిగా వెళ్లాను. సర్వ దిక్కుల సాక్షిగా ఇప్పుడు చెబుతున్నాను: ఊపిరున్నంతవరకు ప్రపంచాన్ని మళ్లీ గోడెక్కించను. అది మా గచ్చు మీదే, వంటింటివైపు తలపెట్టి పడుకుంటుంది. ఆ మేకుకు ఇప్పుడు చీపురు వేలాడుతోంది. దాన్ని ఎటు తిప్పినా ఏ సముద్రమూ కదలదు.