సత్యవతి టీచరుగారికి పడని మాట

ఉడికిన కోడిగుడ్డు పెంకు చిట్లినప్పుడు వచ్చే వాసన అందరికీ నచ్చదు. మా ఆయనకైతే అస్సలు పడదు. నాకు మాత్రం ఆ వాసన తగిలితే సత్యవతి టీచరుగారు గుర్తొస్తారు. మొన్న పొద్దున్న మా అమ్మాయి హారిక కాలేజీ క్యారేజీలోకి గుడ్లు ఒలుస్తున్నాను. హాల్లో టీవీలో ఇద్దరు నాయకులు కొట్టుకుంటున్నారు. తల్లి ఇంట్లోనే ఉండి పిల్లల్ని పెంచుకోవాలి, అలాంటి తల్లికి ప్రభుత్వమే నెలనెలా డబ్బులివ్వాలి అంటాడు ఒకాయన. కాదు, ఆడవాళ్ళు పనుల్లోకి రావాలి, పిల్లల్ని చూసే కేంద్రాలు ఊరూరా పెట్టాలి అంటాడు ఇంకొకాయన. ఇద్దరూ రెండు మాటలకోసారి 'మాతృమూర్తి' అంటున్నారు. ఒక్కరైనా జన్మలో చంటిపిల్ల ముడ్డి కడిగిన మొహాలు కావు. ఆ మాట పైకే అనేశాను, హారిక పకపకా నవ్వింది. ఈ గొడవకి తీర్పు చెప్పగల మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. ఆవిడ్ని ఏ టీవీ వాళ్ళూ పిలవరు. మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచరుగా, పిల్లలకి గుడ్లు ఒలిచి పెడుతూ, చేసి రిటైరయ్యారావిడ.

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్ళే దారిలో కాలవ గట్టుని ఆనుకుని ఉంటుంది మా అత్తగారి ఊరు. డిగ్రీ పాసై, ఉద్యోగం చేస్తానని ఊహల్లో తేలుతూ కాపురానికొచ్చి, ఏడాది తిరగకుండా పిల్లను ఎత్తుకుని అక్కడే ఉండిపోయాను. హారికకి ఏడాదిన్నర అప్పుడు. సత్యవతిగారు సర్వే రిజిస్టరు చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, పాదాలకి ఎప్పుడూ దుమ్ముతో ఉండే మనిషి. ఇంట్లో ఎందరు, పిల్లకి టీకాలు వేయించారా, అన్నీ అడిగి, మీరేం చేస్తుంటారమ్మా అన్నారు. నేను చంకలో పిల్లతో, ఒక చేత్తో పొయ్యి మీద పాలు పొంగకుండా చూస్తూ, "ఏం లేదండి, ఊరికే ఇంట్లోనే ఉంటున్నాను" అన్నాను.

ఆవిడ రాయడం ఆపేశారు. "ఊరికే ఉండడం ఎలాగో నాకూ కాస్త నేర్పండమ్మా. ఇన్నేళ్ళొచ్చాయి, నాకు చేతకాలేదు" అన్నారు. వెటకారమేమో అనుకుని నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం మామూలుగా తలొంచుకుని, వృత్తి అని ఉన్న గడిలో 'పిల్ల పెంపకం' అని రాసుకున్నారు. తర్వాత తెలిసింది, ఊళ్ళో ఇంటిపట్టునుండే ఆడవాళ్ళందరికీ ఆ గడిలో ఆవిడ అలాగే రాస్తారట. పైనుంచి వచ్చే సూపర్‌వైజర్ ఎర్ర పెన్నుతో కొట్టేసి 'పని లేదు' అని దిద్దుతుందట. మరుసటి ఏడు ఈవిడ మళ్ళీ అలాగే రాస్తారట. ఎన్నేళ్ళు సాగిందో ఆ పోట్లాట, ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు.

హారికకి మూడేళ్ళు నిండగానే ఆవిడ అంగన్‌వాడీ సెంటర్లో వేశాను. అక్కడ నాకు నచ్చనిది ఒకటుండేది. లోపలి గదిలో కిటికీ ఊచలకీ దూలానికీ చీర ఉయ్యాలలు కట్టి ఉండేవి. వాటిలో అయిదుగురు చంటిపిల్లలు. తల్లులు కాలవ చివర పాలెంలో ఉండే చేపలవాళ్ళ ఆడపడుచులు. తెల్లారేసరికి రొయ్యల షెడ్డు వ్యాను వచ్చి వాళ్ళని ఎక్కించుకుపోయేది. సాయంత్రం దాకా ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసే పని. మూడేళ్ళు నిండని పిల్లల్ని సెంటర్లో ఉంచుకోవడం రూల్సు ప్రకారం కుదరదు. సత్యవతిగారు, ఆయా మరిడమ్మ కలిసి, ఎవరికీ చెప్పకుండా ఉంచుకునేవారు. నేనేమో, కని పడేసి పోవడానికి మనసెలా ఒప్పుతుందో వీళ్ళకి, అని మా అత్తగారితో అనేదాన్ని. ఇంట్లో కూర్చుని పిల్లను పెంచుకుంటున్నానని నాకు అప్పట్లో కాస్త తలపొగరు. ఉద్యోగం లేదన్న బాధకి ఆ పొగరే మందు.

ఒకరోజు సత్యవతిగారు ఒక చంటిదానికి ఒళ్ళు తుడుస్తుండగా హారిక మెట్టు మీంచి పడింది. గడ్డం చీరుకుపోయి కుట్లు పడ్డాయి. నేను ఊరుకోలేదు. వారం తిరక్కుండా సూపర్‌వైజర్ వచ్చి తల్లులందర్నీ ఎలా ఉందమ్మా అని అడిగితే, నేను ముందుకెళ్ళి, ఉయ్యాలలు ఊపడానికే టీచరుగారికి పొద్దు చాలట్లేదండి, ఇంక మా పిల్లల్ని ఎక్కడ చూస్తారు అన్నాను. అన్నాక టీచరుగారి మొహం వైపు చూడలేదు. సూపర్‌వైజర్ లోపలికెళ్ళింది. టీచరుగారికి మెమో ఇచ్చారు. మర్నాటి నుంచి ఉయ్యాలలు లేవు.

నాలుగు రోజులకి ఆ ఉయ్యాల పిల్లల తల్లుల్లో ఒకతె, దుర్గ, మా గుమ్మం ముందు కనిపించింది. పది నెలల కూతురు చంకలో ఉంది. పిల్లను షెడ్డుకి తీసుకెళ్తే గేటు దగ్గరే వెనక్కి పంపేశారని, పని పోయినట్టేనని నాకు అప్పటికే తెలుసు. దెబ్బలాటకొచ్చిందనుకున్నాను. ఏం అంటుందో, దానికి నేనేం అనాలో, గడప దాటేలోగా మనసులో అంతా సిద్ధం చేసుకున్నాను కూడా.

"మీరు చెప్పేరంట కదండి" అంది. నేను నోరు తెరిచేలోపే, "పాప గడ్డానికి తగ్గిందాండి?" అంది. తగ్గిందని తలూపాను. అడగాలనిపించిందండి అని చెప్పి, పిల్లను ఇటు చంకలోంచి అటు మార్చుకుని వెళ్ళిపోయింది. నా బతుకులో నన్ను ఎవరూ అంతలా కొట్టలేదు. ఆ పూట అన్నం సయించలేదు. మా అత్తగారు వేడి చేసిందేమో అని మజ్జిగ కలిపిచ్చారు.

ఆ మర్నాడే సత్యవతిగారు వచ్చారు. నిలదీస్తారనుకున్నాను. ఆవిడ మంచినీళ్ళడిగి తాగి, అరుగు మీద కూర్చున్నారు. మీ కోపం న్యాయమేనమ్మా, పిల్లకి దెబ్బ తగిలింది, చూసుకోకపోవడం నా తప్పే, అని మొదలుపెట్టారు.  మళ్ళీ ఆవిడే అన్నారు: "మూడేళ్ళ లోపు పిల్ల తల్లి దగ్గరుండాలని ఒకరు రాశారు. తల్లి తెల్లారేసరికి షెడ్డులో ఉండాలని ఇంకొకరు రాశారు. రాసిన ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు లేదు." తర్వాత మా అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి, ఆ అయిదుగురు పిల్లల్నీ మీరు చూడండి, ఊరికే కాదు, జీతానికి, అన్నారు.

జీతం అనేసరికి నాకు అవమానంగా తోచింది. చంటిపిల్లల్ని చూడ్డానికి డబ్బులు పుచ్చుకోవడమేంటండీ, పాపం కదూ, కావాలంటే ఊరికే చూస్తాను అన్నాను. చేసిన తప్పు కడుక్కోవడానికి అది బాగుంటుందని కూడా అనిపించింది. ఆవిడ ఒప్పుకోలేదు. "నేను సరిగ్గా చూడలేదని మీరే కదమ్మా చెప్పారు. అంటే సరిగ్గా చూడ్డం అనే పని ఒకటుందన్నమాటేగా. పనైతే జీతం ఉంటుంది" అన్నారు.  నా మాటతోనే నన్ను కట్టేశారు మహాతల్లి.

మా ఇంట్లో పెద్ద రభసే అయింది. మనకేం తక్కువని ఈ పని అని మా ఆయన రెండు రోజులు మొహం ముడుచుకున్నారు. పాలెం పిల్లలు గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదని మా అత్తగారు. సరే, అరుగు మీదే చూశాను. చినుకులు పడితే వాసానికి గోనెపట్టా కట్టుకుని అక్కడే చూశాను. నెలన్నరకి మా అత్తగారే దుర్గ కూతుర్ని కాళ్ళ మీద వేసుకుని, నీకు నలుగు పెట్టడం ఏం చేతనవునే అని నన్ను తిడుతూ, లోపలి పెరట్లో నీళ్ళు పోశారు. అది మార్పో, నా పనితనం మీద నమ్మకం లేకో, నేను అడగలేదు. దుర్గ మాత్రం మొదటిరోజే మళ్ళీ పనిలోకి వెళ్ళింది. వారం తిరిగాక నా చేతిలో డబ్బులు పెడుతుంటే నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పక్కనే ఉన్న సత్యవతిగారు కసిరారు. తీసుకోండి, మీరు వద్దంటే రేపు పాప ఏం తిందని అడగడానికి దుర్గకి నోరు లేవదు అన్నారు. అప్పుడు ఆ మాట నాకు సగమే అర్థమైంది.

ఎన్నికల ముందు ఒక పార్టీ మనుషులు మా వీధికి వచ్చి, ఇంట్లో ఉండే తల్లులకి నెలనెలా ఇంత ఇస్తామని చెప్పి పోయారు. ఇంక చూడండి సంబరం. ఆ సాయంత్రం మా అరుగు మీదే రెండు జట్లయ్యాయి. పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నది మేము, ఆ డబ్బులు మాకే రావాలని ఇంటిపట్టునుండేవాళ్ళు. చేతులు చచ్చుపడేలా చాకిరీ చేసి పిల్లలకి కూడు పెట్టేది మేమని షెడ్డు వాళ్ళు. నేను రెంటికీ చెడ్డదాన్ని, ఇంట్లోనే ఉంటున్నాను, జీతమూ తీసుకుంటున్నాను. సత్యవతిగారు అంతా విని, "ఇంతసేపట్నుంచీ వింటున్నాను. పిల్లలకి నాన్నలు కూడా ఉన్నట్టు ఒక్కరూ మాటెత్తలేదేంటండి?" అన్నారు. ఏదో అనరాని మాట విన్నట్టు అందరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఆ నవ్వుకి ఇవాళ నాకు సిగ్గేస్తుంది.

ఆవిడ జీతం సంగతీ చెప్పాలి. అంగన్‌వాడీ వాళ్ళకి ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. అది పెంచమని ఆవిడ తోటివాళ్ళతో కలిసి సమ్మె టెంటులో కూర్చున్నప్పుడు మజ్జిగ తీసుకెళ్ళాను. చేసేది పిల్లల్ని చూసే పనే కదా, తల్లి మనసుతో చేసేది, దానికి సమ్మేంటని రోడ్డున పోయే ఒక పెద్దమనిషి అన్నాడు. తల్లి మనసు ఇంటి దగ్గరుందండి, ఇక్కడికి పనిమనసుతో వచ్చాను అన్నారావిడ. అక్కడున్న టీచర్లందరూ మజ్జిగ గ్లాసులు పట్టుకుని హాయిగా నవ్వారు.

పిల్లలు ఎక్కువై అరుగు చాలక, రొయ్యల సీజను మంచి జోరులో ఉండగా, షెడ్డు ఆడవాళ్ళంతా కలిసి పిల్లలకో గది ఇస్తే గానీ వ్యాను ఎక్కేది లేదన్నారు. ఐసులో ఎంతసేపని ఉంటాయి రొయ్యలు. యజమాని గేటు పక్కన గది ఇచ్చాడు, పిల్లల్ని చూసే మనిషికి జీతం ఇచ్చాడు. ఆ మనిషిని నేనే. ఇప్పటికీ నేనే. వ్యాను ఎక్కొద్దని వాళ్ళకి చెప్పిందెవరని యజమాని చాలాకాలం ఆరా తీశాడు. మేం టీచరుగారి పేరు బయటపెట్టలేదు.

పోయిన వేసవిలో రాజమండ్రి వెళ్ళి సత్యవతిగారిని చూసొచ్చాను. కొడుకు దగ్గర ఉంటున్నారు. కోడలు బ్యాంకులో పని చేస్తుంది, మనవరాలిని ఈవిడే చూస్తారు. జీతం ఇస్తోందమ్మా కోడలు, తీసుకుంటున్నాను, అని గొప్పగా చెప్పారు. అంతలో కొడుకు వచ్చాడు. నేను పలకరిస్తే తల పక్కకి తిప్పి, కుడి చెవి నా వైపు పెట్టి విన్నాడు. అతను లోపలికెళ్ళాక ఆవిడే చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏడాది పిల్లాణ్ణి పక్కింటావిడ దగ్గర వదిలి వెళ్ళేవారట. ఆవిడ మంచిదట, పైసా పుచ్చుకునేది కాదట. పిల్లాడి ఎడమ చెవిలోంచి చీము కారుతుంటే మందుబుడ్డి ఇచ్చి వెళ్ళేవారట.

"పగలు మందు వేస్తున్నారా అని అడగాలని నోటి చివరిదాకా వచ్చేది విజయగారూ. డబ్బులు తీసుకోని మనిషిని ఏమని అడుగుతాం. కోపమొచ్చి రేపటి నుంచి చూడనంటే నా ఉద్యోగం పోతుంది. అలా నాలుగు నెలలు అడక్కుండా ఊరుకున్నాను. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆలస్యమైపోయిందన్నారు."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ సూపర్‌వైజర్ ముందు నేనన్న మాట గుర్తొచ్చి, ఇన్నేళ్ళకి క్షమాపణ అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూశారు. "మీరు అడిగేరమ్మా. నేను నా కొడుకు కోసం అడగలేకపోయాను. పిల్లకి దెబ్బ తగిలితే ఎవరికీ జంకకుండా నోరు తెరిచిన తల్లి ఊళ్ళో ఒక్కరు కనిపించారు. అలాంటి మనిషి దగ్గరైతే పిల్లల్ని వదలొచ్చనిపించింది. అందుకే మీ ఇంటికొచ్చాను" అన్నారు. నా మీద జాలిపడి వచ్చారనీ, గతిలేక వచ్చారనీ ఇన్నేళ్ళూ అనుకున్నాను. నన్ను ఎంచుకుని వచ్చారని ఆ రోజే తెలిసింది.

మా గదికి కొత్తగా బిడ్డను తెచ్చిన తల్లికి మొదటిరోజు నేను చెప్పేది ఒక్కటే. చిన్న గీత కనిపించినా నన్ను అడగండి, మొహమాటపడకండి అంటాను. చాలామంది తలూపి వెళ్ళిపోతారు, అడగరు. నిన్న సాయంత్రం మాత్రం ఒక పిల్ల, ఇరవై ఏళ్ళుంటాయేమో, పనిలో చేరి పది రోజులు కూడా కాలేదు, కొడుకు మోచెయ్యి పట్టి, దాని మీది ఎర్రటి మచ్చ చూపించి, "ఇదేంటండీ, మీరు చూడలేదా?" అని అందరి ముందూ గట్టిగా అడిగింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం మొహం మాడింది నాకు. తర్వాత ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున్నుంచీ ఏం జరిగిందో మొత్తం చెప్పాను.